ఆటస్థలమున బాలికల తలదెబ్బలు



నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలలో తెలుగు చెప్పి, ఇపుడు విశ్రాంతి తీసికొనుచున్న ఉపాధ్యాయుడను. చదివినది భాషాప్రవీణ, ఎఱిగినది కొంత వ్యాకరణము, కొన్ని కావ్యములు. ఇట్టివాడు తలదెబ్బలను గూర్చియు, వైద్యమును గూర్చియు మాటాడుటకు రేడియో ముందు కూర్చుండుట తమలో కొందఱకు వింతగా తోపవచ్చును. తోచినను తప్పులేదు. కాని ఈ విషయమున నాకొక బాకీ యున్నది. ఆ బాకీ సంగతి ముందుగా విన్నవించుకొని, వైద్యుల మాటలు తరువాత చెప్పెదను.

2003వ సంవత్సరమున, చలికాలమున, మా ప్రాంతపు పాఠశాలల కన్నింటికిని ఆటల పోటీలు జరిగినవి. మా పాఠశాలకు వ్యాయామోపాధ్యాయుడు ఒక్కరే. డ్రిల్లు మాస్టరుగారని పిలుచుచుంటిమి. బాలుర కబడ్డీయు, బాలికల ఖోఖోయు ఒకే సమయమున పడినవి. డ్రిల్లు మాస్టరుగారు బాలుర వెంట పోయిరి. ఇది యెవరును ఆలోచించి చేసిన నిర్ణయము గాదు. మఱియొక విధముగా జరుగవచ్చునని యెవరికిని తోచలేదు, అంతే. బాలికల వెంట ఎవరో యొక పెద్దమనిషి యుండవలెను గనుక తెలుగు పండితుని పంపిరి. ఖోఖోలో నాకు తెలిసినది, ఈల వేసినపుడు ఆట ఆగునని మాత్రమే.

కబడ్డీలో మా బాలుడొకడు పట్టుబడి వెల్లకిల పడగా తల నేలకు కొట్టుకొన్నది. డ్రిల్లు మాస్టరుగారు ఆట ఆపించి, వానిని చెట్టునీడకు చేర్చి, పేరేమి, ఏ తరగతి, ఇప్పుడు పాయింట్లెన్ని అని యడిగి, వాడు తడబడుట చూచి, ఎవరిదో జీపు అడిగి పట్టణములోని వైద్యునియొద్దకు పంపిరి. అదే సాయంకాలము ఖోఖోలో తొమ్మిదవ తరగతి చదువుచున్న మా బాలిక పఱుగున వచ్చి, స్తంభమును చుట్టి తిరుగబోయి, కణత ఆ కొయ్యకు కొట్టుకొని కూలబడినది. రక్తము రాలేదు. నేను దగ్గఱకు పోయితిని. కన్నులు తెఱచియే యున్నవి గాని నన్ను చూచుచున్నట్లు లేదు. "ఏమమ్మా, దెబ్బ తగిలినదా?" అంటిని. "ఏమీ లేదండి మాస్టారూ" అన్నది. లేచి, తిన్నగా పోయి ఎదుటిపక్షము పిల్లలు కూర్చున్నచోట వారి నడుమ కూర్చున్నది. పిల్లలు నవ్విరి. నేనును నవ్వితిని. గ్లాసెడు మంచినీళ్లు ఇప్పించి మరల ఆడించితిని. మా జట్టు గెలిచినది. ఆ సంగతిని మఱునాడు నేనే నా చేతితో నల్లబల్లపై వ్రాసితిని.

బాలుడు కొన్ని దినములు ఇంటిపట్టున నుండి, వైద్యుడు చెప్పినట్లు మెల్లమెల్లగా కోలుకొని, మూడవవారమునకు తరగతిలో ఎప్పటివలె అల్లరి చేయుచుండెను. బాలిక సంగతి వేఱు. మఱునాటినుండియే తలనొప్పి, వెలుతురు చూడలేకపోవుట, పుస్తకము తెఱచిన అక్షరములు కదలుట, రాత్రి నిద్ర రాకుండుట. ఇంటిలో నాయనమ్మ దిష్టి తీసినది. తల్లి నెలసరి బాధ యనుకొన్నది. తండ్రి చదువు తప్పించుకొనుటకు సాకనుకొన్నాడు. ఇక నేను. అంతకుముందు పద్యమేది యడిగినను తప్పులేక అప్పగించిన పిల్ల, ఒకనాడు మూడవపాదమున ఆగిపోయి దిక్కులు చూచినది. ఆటల పిచ్చి పట్టి చదువు మానినదని నలుగురిలో మందలించి, గంట కొట్టువఱకు కిటికీ ప్రక్కన నిలువబెట్టితిని. మధ్యాహ్నపు టెండ సూటిగా మొగమున పడుచుండెను. ఆమె చేయి అడ్డము పెట్టుకొన్నది. అదియు అవిధేయత యనుకొని చేయి దింపించితిని.

ఐదవవారమున ఆమె తండ్రి వచ్చి, "అయ్యవారూ, పిల్ల బడికి రానంటున్నది. ఎవరైనా ఏమైనా అన్నారా?" అని యడిగెను. అపుడు గాని నాకు స్తంభము జ్ఞాపకమునకు రాలేదు. ఇద్దఱమును ఆమెను వెంటబెట్టుకొని పట్టణమునకు పోయితిమి. వైద్యుడు అన్నియు విని, "తగిలిననాడే ఎందుకు తీసికొనిరాలేదు?" అని యడిగెను. తండ్రి నావైపు చూచెను. నేను నేలవైపు చూచితిని. ఆమె కోలుకొన్నది గాని ఆ యేడు పరీక్షకు కూర్చుండలేదు. మరల ఆటలకును రాలేదు. ఆడపిల్ల శరీరము సున్నితము, ఇట్టి ఆటలు దానికి పనికిరావని ఊరివారు తీర్మానించిరి. నేనును తలయూపితిని.

ఆ తీర్మానము తప్పని నాకు తెలియుటకు ఇరువదియేండ్లు పట్టినది. అది తెలిసిన విధము చిత్రమైనది. నా కుమారుడు అమెరికాదేశమున ఫిలడెల్ఫియా నగరసమీపమున ఉద్యోగము చేయుచున్నాడు. నా మనుమరాలికి పదునాలుగేండ్లు. పాఠశాల జట్టులో మనము ఫుట్‌బాల్ అను ఆట ఆడును. ఆ దేశమువారు దానిని సాకర్ అందురు. వారు ఫుట్‌బాల్ అని పిలుచునది వేఱొకటి, బాలురు ఇనుపకమ్మీల శిరస్త్రాణములు ధరించి పొట్టేళ్లవలె ఢీకొను ఆట. అక్కడి పాఠశాలలలో అనేకచోట్ల అథ్లెటిక్ ట్రెయినర్ అను నొక యుద్యోగి యుండును. ఆటగాండ్రకు తగిలిన దెబ్బలు చూచుటయే ఆయన పని. దానికి చదువున్నది, పరీక్ష యున్నది. గడచిన సంవత్సరము ఒక సాయంకాలము మా మనుమరాలి జట్టు ఆడుచుండగా, ప్రక్క మైదానమున బాలుర పందెము జరుగుచున్నది. ట్రెయినరు అక్కడ నుండెను. బాలికలయొద్ద శిక్షకురాలు మాత్రమే. దూరమునుండి వచ్చిన బంతి పిల్ల కణతకు తగిలినది. పడలేదు, ఎవరిని ఢీకొనలేదు, ఎవరును గమనింపలేదు. మిగిలిన ఆట ఆడి యింటికి వచ్చి, అన్నము సహింపక, దీపము ఆర్పుమని పడుకొన్నది. నేడు తగ్గును, రేపు తగ్గునని చూచి, నిపుణుని చూచునప్పటికి పండ్రెండు దినములైనది.

నా కుమారుడు ఫోనులో ఈ మాట చెప్పగా నాకు ఒడలు చల్లబడినది. ధనమునకు గాని, వాహనములకు గాని, వైద్యశాలలకు గాని కొఱతలేని దేశము. అయినను, డ్రిల్లు మాస్టరుగారు బాలుర వెంట పోయిరి.

నాటినుండి ఈ విషయమును గూర్చి తెలిసికొనవలెనని పట్టుపట్టితిని. కోడలు కొన్ని వైద్యపత్రములు పంపినది. మా పట్టణమున వైద్యము చేయుచున్న నా పూర్వశిష్యుడొకడు సాయంకాలములు వచ్చి అర్థము చెప్పినాడు. ఒకప్పుడు నేను వానికి సంధులు చెప్పితిని. ఇప్పుడు వాడు నాకు మెదడు చెప్పినాడు.

ఈ దెబ్బను వైద్యులు కంకషన్ అందురు. లాటినుభాషలో గట్టిగా కదలించుట యను నర్థముగల ధాతువునుండి పుట్టిన మాట. పండితునకు ధాతువు చూడనిదే తోచదు గదా. మనము మెదడదురు అనుకొందము. మెదడు కపాలమునకు అంటుకొని యుండదు. ఒక ద్రవమున తేలుచుండును. పోవుచున్న బండి హఠాత్తుగా ఆగిన, దానిలోని కుండలో నీరు ముందునకును వెనుకకును తొణకును. అట్లే తలకు గాని, మెడకు గాని, ఒక్కొక్కపుడు వీపునకు గాని బలమైన తాకుడు తగిలినపుడు మెదడు లోపల కదలి మెలితిరుగును. అందలి సన్నని తంతువులు సాగును. వానిలో జరుగవలసిన వ్యవహారము కొన్నినాళ్లు తారుమారగును. పైకి గాయము కనబడనక్కఱలేదు. స్పృహ తప్పవలెనను నియమమును లేదు. తప్పని వారే చాల యెక్కువ. స్కానింగు తీయించినచో సాధారణముగా ఏమియు కనబడదు. స్కానింగు లోపల రక్తస్రావమున్నదా, ఎముక విఱిగినదా యని చూచుటకే గాని అదురును చూపుటకు గాదు. "పరీక్షలో ఏమియు లేదన్నారు, కావున పిల్ల నాటకమాడుచున్నది" అను మాట మన యిండ్లలో తఱచుగా వినబడును. ఆ మాట తప్పు.

గుర్తులు వెంటనే కనబడవలెనని కూడ లేదు. 2019వ సంవత్సరమున ఇంగ్లండులోని లార్డ్సు మైదానమున ఆస్ట్రేలియా క్రికెట్టు ఆటగాడు స్టీవ్ స్మిత్ మెడకు బంతి తగిలిన సంగతి తమలో క్రికెట్టు ప్రియులకు జ్ఞాపక ముండును. ఆనాడు పరీక్షించి ఆడవచ్చుననిరి, ఆడినాడు. మఱునాటి ప్రాతఃకాలమున లక్షణములు బయటపడినవి. అతని స్థానమున లబుషేన్ అను నాటగాడు వచ్చెను. అట్లు బదులు వచ్చుటకు వీలుకల్పించు నియమము ఆ ఆగస్టు నెలనుండియే అంతర్జాతీయ పందెములలో పురుషులకును స్త్రీలకును గూడ అమలునకు వచ్చినది. ప్రపంచము చూచుచుండగా, వైద్యులు చుట్టును నిలిచియుండగా ఒక్క రాత్రి దాగిన జబ్బు, ఎవరును చూడని ఖోఖో మైదానమున నెలదినములు దాగుటలో ఆశ్చర్యమేమి?

ఇపుడు ఆడపిల్లల సంగతికి వత్తము. అమెరికాలో 1972వ సంవత్సరమున ఒక శాసనము వచ్చినది. ప్రభుత్వధనము పుచ్చుకొను విద్యాలయములలో స్త్రీపురుష భేదము చూపరాదని దాని సారాంశము. అంతకుముందు ఉన్నత పాఠశాలలలో ఆటలాడు బాలికలు 3 లక్షలకు లోబడి యుండగా, ఇప్పుడు 30 లక్షలకు పైబడిరి. మన దేశమున గూడ కాలము మాఱినది. 2000వ సంవత్సరమున సిడ్నీలో మన శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి బరువులెత్తి పతకము తెచ్చినది. భారతస్త్రీలలో ఒలింపిక్ పతకము పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. 2010 నుండి ఆసియా క్రీడలలో స్త్రీల కబడ్డీయు చేరినది. ఆడపిల్లలు మైదానమునకు వచ్చినారు. దెబ్బలు చూచువారు మాత్రము అంత వేగముగా వారి మైదానమునకు రాలేదు.

మిచిగన్ రాష్ట్రమున ఉన్నత పాఠశాలలలో సాకర్ ఆడిన 80,000కు పైబడిన బాలబాలికల లెక్కలను మూడు విద్యాసంవత్సరములు చూచి 2021లో ప్రకటించిరి. మెదడదురు బాలికలలో బాలురకంటె ఇంచుమించు రెండింతలు కనబడినది. అంతకంటె నన్ను నిలువబెట్టిన విషయము వేఱొకటి. దెబ్బ తగిలిన వెంటనే ఆటనుండి బయటికి తీయుట బాలుర విషయమున ఎక్కువ, బాలికల విషయమున తక్కువ. దానికి తగిన కారణమొకటి ఆ లెక్కలలోనే యున్నట్లు నాకు తోచుచున్నది. బాలురకు దెబ్బలు ప్రధానముగా ఒకరినొకరు ఢీకొనుటవలన తగులుచున్నవి. ఇద్దఱు ఢీకొని పడినపుడు మైదానమంతయు చూచును. బాలికలకు ఎక్కువగా బంతి వంటి ఆటవస్తువులు తగులుటవలన కలుగుచున్నవి. బంతి తగిలిన పిల్ల పడదు, అఱవదు, ఆట ఆగదు. చూచువాడు లేనిచో అది దెబ్బయే గాదు.

వెంటనే బయటికి తీయుటవలన ఏమగును? పిట్స్‌బర్గ్ నగరమున పరిశోధకులు 2016లో ప్రకటించిన లెక్క యిది. దెబ్బ తగులగానే ఆట మాన్పింపబడిన పిల్లలు సగటున 22 దినములలో కోలుకొనిరి. అట్లే ఆడుచు పోయినవారికి 44 దినములు పట్టినది. సరిగా రెట్టింపు. కొన్ని నిమిషముల ఆట మూడువారముల ఆరోగ్యమును తినివేసినది.

ఇక వైద్యుని చూచుట. ఫిలడెల్ఫియా బాలల వైద్యశాలలో పరిశోధన చేసినవారు 2019లో ప్రకటించిన సంగతి నా కోడలు పంపిన పత్రములలో మొదటిది. ఏడేండ్లనుండి పదునెనిమిదేండ్లలోపు బాలబాలికలను పోల్చిచూడగా, బాలికలు కోలుకొనుటకు బాలురకంటె ఎక్కువ కాలము పట్టినది. అంతవఱకు మా ఊరి తీర్మానమే. కాని వారు అక్కడ ఆగలేదు. ఎవరు ఎన్నవనాడు నిపుణుని యొద్దకు వచ్చిరో గూడ చూచిరి. బాలికలు ఆలస్యముగా వచ్చినట్లు తేలినది. పిదప, మొదటి వారములోపల వచ్చిన పిల్లలను మాత్రము వేఱుచేసి చూడగా, బాలురకును బాలికలకును నడుమ ఆ తేడా కనబడలేదు! ఈ వాక్యమును నేను ముమ్మాఱు చదివితిని. 2020లో పిట్స్‌బర్గ్ వారు గూడ మొదటి వారమున చూపించుకొన్నవారు తరువాత వచ్చినవారికంటె త్వరగా కోలుకొందురని చెప్పిరి.

సందేహము కలుగవచ్చును: ఇది ఒక్క వైద్యశాల సంగతి గదా యని. నా శిష్యునకు గూడ కలిగినది. వాడే మఱియొకటి వెదకి తెచ్చినాడు. అమెరికా కళాశాలలలో పెద్ద జట్లకు స్త్రీలకైనను పురుషులకైనను ట్రెయినర్లు, వైద్యులు సమీపముననే యుందురు. ఒకే తరహా ఆటలాడు యువతీయువకులను అక్కడ పోల్చి 2021లో ప్రకటించినదేమనగా, మెదడదురునుండి కోలుకొను కాలము మొత్తముమీద ఇరువురకును సమానము. పాఠశాలలో వెనుకబడిన ఆడపిల్లయే, రెండు మూడేండ్లకు కళాశాలకు పోగానే మగవానితో సమానముగా ఎట్లు కోలుకొన్నది? శరీరము మాఱలేదు. మైదానపు టంచున కుర్చీలో ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు.

శరీరభేదము బొత్తిగా లేదని నేననను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన ప్రకారము స్త్రీల నాడీతంతువులు సగటున సన్నన. లోపలి ఆధారపు నాళికలు తక్కువ. పరిశోధనశాలలో ఒకే తాకుడునకు అవి ఎక్కువగా చెడినవి. బాలికల మెడకండరములు బాలురంత దృఢములు గావనియు చెప్పుదురు. ఇవి యథార్థములే కావచ్చును. కాని సన్ననూలు వస్త్రమును జాగ్రత్తగా ఉతుకుదుము గాని, సన్ననిది గదా యని చాకిరేవున వదలి రాము. ఎక్కువ దెబ్బతినునని తెలిసినపుడు ముందుగా చూడవలసినది ఆమెనే గదా. మనము చేయుచున్నది అందుకు విపరీతము.

శాసనములు లేకపోలేదు. వాషింగ్టన్ రాష్ట్రమున 2006లో పదుమూడేండ్ల బాలుడొకడు తలకు దెబ్బ తగిలిన తరువాత మరల ఆటలో దిగి తీవ్రముగా దెబ్బతినెను. 2009లో ఆ రాష్ట్రము ఒక చట్టము చేసినది. మెదడదురు అనుమానము కలిగిన పిల్లవానిని వెంటనే ఆటనుండి తీసివేయవలెను. అర్హతగల వైద్యుడు వ్రాసియిచ్చినగాని మరల ఆడనీయరాదు. 2014 నాటికి 50 రాష్ట్రములును ఇట్టి చట్టములు చేసినవి. చట్టమున బాలుడు, బాలిక యను భేదము లేదు. కాని అనుమానింపవలసిన మనిషి ఎదుట నున్నపుడే గదా ఆ చట్టము కన్ను తెఱచునది.

పిల్లలును దాచుదురు. బాలురు దాచుట, ఆటలో స్థానము పోవునని. బాలికలకు మన ప్రాంతములలో మఱియొక భయమున్నది. ఈ పత్రములు చదివిన పిదప నా శిష్యురాలి యింటికి పోయితిని. ఆమె యిపుడు ఇద్దఱు బిడ్డల తల్లి. ఆనాడు "ఏమీ లేద"ని యేల యంటివమ్మా యని యడిగితిని. "దెబ్బ తగిలిందని ఇంట్లో తెలిస్తే ఆట మానిపిస్తారండి మాస్టారూ. ఆట మానిపిస్తే సాయంత్రం బడి నుంచి నేరుగా ఇంటికే" అన్నది. తలనొప్పి దాచుకొని ఆమె కాపాడుకొన్నది దినమునకొక గంట. నేను కిటికీ సంగతి ఎత్తి, తప్పైనదమ్మా యంటిని. ఆమె నావంక చూచి, "కిటికీ దగ్గర నిలబెట్టారా? నాకు గుర్తులేదండి. ఆ నెల రోజులు నాకేమీ గుర్తులేదు" అన్నది. కాఫీ ఇచ్చినది. త్రాగి వచ్చితిని.

అందుచేత పెద్దలకు నేను విన్నవించునది ఒకటున్నది. దెబ్బ తగిలినదని చెప్పిన పిల్లకు ఆటమాన్పుట శిక్షగా విధింపకుడు. కొన్నినాళ్లు ఆట ఆపుట వేఱు, శాశ్వతముగా మాన్పుట వేఱు. రెండవది చేయుదురని భయమున్నంతకాలము మొదటిది చేయుటకు మనకు అవకాశము రాదు.

చేయవలసినది కష్టమైన పని గాదు. దెబ్బ తగిలిన పిల్ల తూలినను, వెఱ్ఱిచూపులు చూచినను, అడిగిన ప్రశ్ననే మరల అడిగినను, ఎవరు గెలుచుచున్నారో చెప్పలేకున్నను ఆనాటికి ఆట ముగిసినట్లే. నీళ్లు త్రాగి తేఱుకొన్నదని మరల దింపరాదు. అదిరిన మెదడునకు, అది కుదుటబడకముందే రెండవదెబ్బ తగులుట మిక్కిలి ప్రమాదకరము. అరుదుగా ప్రాణమునకే వచ్చును. పిల్లను ఒంటరిగా విడువక ఎవరో ఒకరు కనిపెట్టి యుండవలెను. తలనొప్పి క్షణక్షణము పెరుగుచున్నను, మాటిమాటికి వాంతి యగుచున్నను, మూర్ఛ వచ్చినను, మాట ముద్దగట్టినను, ఒక కంటిపాప పెద్దదై మఱియొకటి చిన్నదైనను, లేపిన లేవనంత మగత కలిగినను ఇంటివైద్యము పనికిరాదు. 108కి ఫోను చేయవలెను. ఆ వాహనములు మన ప్రాంతమున 2005 నుండి తిరుగుచున్నవి. 2003లో మాకు అవి లేవు. అయినను మా బాలునికి జీపు దొరికినది. ఈ మాట నేను మఱవను.

ఇట్టి తీవ్రలక్షణములు లేకున్నను, వారము లోపల ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వైద్యునకు చూపవలెను. నెలసరి బాధయేమో, తిండి తినకపోవుటచేత నేమో, పరీక్షల భయమేమో యని మనలో మనము నిర్ణయించుకొనుట వలదు. అవియు కావచ్చును, తేల్చవలసినవాడు వైద్యుడు. తలనొప్పి యనగానే, తలకు దెబ్బ తగిలినదని విడిగా చెప్పవలెను. చెప్పనిచో పాపము ఆయన మాత్రము నొప్పి తగ్గుటకు మాత్ర వ్రాయుట తప్ప ఏమి చేయగలడు?

విశ్రాంతిని గూర్చి పూర్వపుటభిప్రాయము మాఱినది. చీకటిగదిలో వారములకొలది పరుండబెట్టుట ఇప్పుడు మంచిది గాదందురు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఈ శాస్త్రమెఱిగిన పండితులు సమావేశమై చెప్పినదేమనగా: మొదటి ఒకటి రెండు దినములు ఇంటిపట్టున తేలికపనులతో గడుపవలెను, ఫోను చూచుట బాగుగా తగ్గింపవలెను, పిదప నడక వంటి తేలికశ్రమ మొదలిడి, బాధ మిక్కుటము గాకుండ చూచుకొనుచు మెట్టుమెట్టుగా పెంచవలెను. ముందు చదువునకు, తరువాత పూర్తి ఆటకు. నిద్రపోయిన ప్రాణము పోవునని రాత్రియంతయు మేలుకొలుపుచుండెడి వారు పూర్వము. వైద్యుడు చూచి ప్రమాదలక్షణములు లేవన్న పిమ్మట నిద్రపోనిండు. నిద్ర మెదడునకు మందు. ఉపాధ్యాయులు నా మాట వినుచున్నచో వారికొక్క మనవి: అట్టి పిల్లకు కొన్నినాళ్లు పద్యము అప్పగింపుమని చెప్పకుడు, కిటికీకి దూరముగా కూర్చుండనిండు.

మొన్న మా రచ్చబండయొద్ద ఈ సంగతులు చెప్పుచుండగా నా యీడువాడొకడు, "ఇంత ఉపద్రవమున్నపుడు ఆడపిల్లలను ఆటలకు పంపకుంటే పోలేదా, పంతులుగారూ?" అనెను. మగపిల్లవానికి దెబ్బ తగిలినపుడు మనము ఆ మాట అనలేదు, జీపు తెప్పించితిమి గదా యంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "జీపు నాదే లెండి" అనెను. నిజమే, ఆ జీపు ఆయనదే! ఇరువదియేండ్లుగా నాకు తెలియదు. ఆ సాయంకాలము ఆయనను ఎవరో అడిగిరి, ఇచ్చెను. బాలికకొఱకు ఎవరును అడుగలేదు, అడిగియుండిన ఇచ్చియుండెడివాడు. అడుగవలసినవాడను నేను. ఈ సంవత్సరము మా పాఠశాల ఆటలదినమున, బాలికల మైదానమున ఇద్దఱు పెద్దలు కేవలము పిల్లలను చూచుచు కూర్చుండుటకు ఒప్పుకొనిరి. ఒకడు ఆయన.

మా మనుమరాలు ఆఱవవారమున మైదానమునకు పోయినది. మొదట నడక, పిదప పఱుగు, ఆ పిదప బంతి. అమెరికాలో 2016 నుండి పదేండ్లలోపు పిల్లలు తలతో బంతిని కొట్టరాదని ఆ దేశపు సాకర్ సంఘము నియమము చేసినదట గాని, మా పిల్ల యీడునకు ఆ నియమము వర్తింపదు. నాయనమ్మ మాత్రము తన నియమము తాను ఫోనులో చెప్పినది. "సరే నాయనమ్మా" అన్నది, వినునో వినదో. ఆనాడు ట్రెయినరు ఏ మైదానమున నుండెనని నా కుమారుని అడిగితిని. తల్లిదండ్రులు కలిసి అడిగిన పిమ్మట, ఆయన రెండు మైదానములకును నడుమ కుర్చీ వేసికొని కూర్చున్నాడట.